మూత తియ్యకు, బామ్మర్దీ

పేలాలు చేసే విద్యలో నేను చేయని పొరపాటు లేదు. చేయనిదల్లా పేలాలే.

జనగామలో నాకొక ఫోటో స్టూడియో ఉంది. బతుకంతా కంటి మీదే నడిచింది కాబట్టి, చూస్తే రాని పని లోకంలో ఉండదని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒకసారి బచ్చన్నపేటలో స్నేహితుడి కల్లం నుంచి సంచెడు మక్కలు తెచ్చుకున్నాను. కోళ్ల దాణాకు పోయే మొక్కజొన్న గింజలవి. అయితేనేం, మక్క మక్కే కదా అనుకున్నాను. కడాయిలో నూనె పోసి, గుప్పెడు గింజలు వేసి, మూత పెట్టి నిలబడ్డాను. లోపల గింజలు గింజుకున్నాయి, బయట నేను గింజుకున్నాను. అవి ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి, కొన్ని పగిలాయి. పేలినది ఒక్కటీ లేదు. మా ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని వెంటనే తీసి చూసి, "గింజ కాదు, నా పన్ను పేలింది" అంది.

మా వైపు మక్క విరగబండుతుంది. కానీ పేలే మక్క వేరు. చిన్న గింజ, గట్టి తోలు, కిరాణా దుకాణంలో ప్యాకెట్లలో దొరుకుతుంది. ఊరి చుట్టూ మక్క చేన్లు పెట్టుకుని, పేలాలకు దుకాణం మెట్లెక్కడం నాకు నామోషీ అనిపించింది. చివరికి ఎక్కాను, ప్యాకెట్టూ తెచ్చాను. ఈసారి గింజలు టపటపమని పేలుతుంటే, ఎట్లా పేలుతున్నాయో చూద్దామని మూత తీశాను. మొదటిది నా నుదుటికి తగిలింది. తక్కినవి గ్యాసు పొయ్యి కిందికి, ఫ్రిజ్ వెనక్కి, పక్కింటి కిటికీలోకి పోయాయి. మాడు మీద పడినదాన్ని దులుపుకునే లోపు అడుగునున్నవి మాడిపోయాయి.

ఈ రెండు సంగతులూ ఒకే ఒక్క మనిషికి తెలియకూడదనుకున్నాను. అక్క పుణ్యమా అని ఆయనకే మొదట తెలిశాయి. ఆయన మా బావ.

మొన్న నర్మెట్టలో ఒక పెళ్లికి ఫోటోలు తీయడానికి పోతే, భోజనాల షామియానా పక్కన అద్దాల డబ్బాలాంటి పేలాల మిషను పెట్టారు. బ్యాండు వాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన సందులో, ఆ డబ్బాలోంచి సప్పుడు వినిపించింది. ముందు ఒకటి, తర్వాత రెండు, ఆపైన వాన. నాకు తెలియకుండానే కెమెరా దించి కళ్లు మూసుకున్నాను. పెళ్లికొడుకు మేనమామ వచ్చి భుజం కుదిపాడు. "ఏందన్నా, నిలవడి నిద్రపోతున్నవా? తలంబ్రాలు అయిపోవట్టె!" తలంబ్రాలు వదిలిపెట్టి పేలాలు వింటున్నానని ఏమని చెప్పను? బావ పోయి ఏడాది దాటింది. ఆ వానలో ఆయన ఉన్నాడు.

బావ భూపాలపల్లి బొగ్గు బాయిలో మందు పెట్టి బొగ్గును పేల్చే పని చేసేవాడు. పొట్టి మనిషి, మెడ ఉందో లేదో తెలియని నిర్మాణం. భూమి పైన, నడి బజారులో, ఆకాశం కింద కూడా తల కొంచెం వంచే నడిచేవాడు. మాట మాత్రం వంగేది కాదు. బాయిలో ఆ చివరనున్న మనిషిని పిలిచినట్టే పక్కనున్న మనిషితో మాట్లాడేవాడు. పెళ్లిచూపుల్లో ఆయన మా అక్క చెవిలో చెప్పిన రహస్యానికి వీధిలో కూర్చున్న వాళ్లు నవ్వారట.

ఏ ఇంట్లోకి అడుగుపెట్టినా మనుషుల కంటే ముందు ఆయన చూసేది పైకప్పును. దేనితోనైనా ఒకసారి తట్టి గానీ కుర్చీలో కూర్చునేవాడు కాదు. నా స్టూడియో కొత్తగా అలంకరించుకున్న రోజున వచ్చి గొడుగు కొనతో పైకి పొడిచాడు.

"ఏంది ర గిది? బోలుగ మోగుతున్నది."

"ఫాల్స్ సీలింగ్ బావా. నిజం కప్పు దాని పైనుంటది."

"అబద్ధం కప్పు కింద నిజం ఫోటోలెట్ల దించుతవ్ ర?" అని ఆయన కుర్చీని గుమ్మం బయట వేసుకున్నాడు. ఆ వానాకాలమే ఒక పలక ఊడి సరిగ్గా గిరాకీలు కూర్చునే చోట పడింది. ఆ తర్వాత చాన్నాళ్లు ఆయన నన్ను పేరుతో కాదు, "అబద్ధం కప్పు" అని పిలిచాడు.

ఈ మనిషికి పేలాలంటే మక్కువ. మా ఇళ్లల్లో తొలి ఏకాదశికి పేలపిండి చేసుకుంటాం. పేలాలు దంచి, బెల్లం కలిపి, దేవుడికి చూపించి అందరం తింటాం. ఎక్కడైనా అది ఆడవాళ్ల పనే. అక్క ఇంట్లో మాత్రం ఆ ఒక్క రోజు పొయ్యి బావది. చీకట్లోనే స్నానం చేసి, నుదుటన బొట్టుతో, మెడలో తువ్వాలతో, అడుగు మందమైన సత్తుగిన్నె పట్టుకుని పూజారి గర్భగుడిలోకి పోయినట్టు వంటింట్లోకి పోయేవాడు. మేమంతా గడప ఇవతల కూర్చోవాలి. మాట్లాడకూడదు. ఫ్యాను కూడా బంద్.

నూనెలో ఇంత పసుపు వేసేవాడు. మూడు నాలుగు గింజలు ముందు పంపేవాడు, "పోయి చూసిరాపోండ్రి" అని. అవి పేలితే తక్కినవన్నీ పోసి, గిన్నెను ఒకసారి పొయ్యి మీద నుంచి దించి పక్కన పెట్టేవాడు. ఎందుకంటే, "అన్నిటికి ఒక్కతీరు వేడి ఎక్కాలె. లేకుంటె ముంగటోడు పేలుతడు, ఎనుకటోడు మాడుతడు" అనేవాడు. మళ్లీ పొయ్యి ఎక్కించి మూత పెట్టేవాడు. మూత పూర్తిగా మూసేవాడు కాదు. ఆవిరి పోవడానికి వెంట్రుక మందం సందు వదిలేవాడు. ఆవిరి లోపలే ఉంటే పేలం మెత్తబడుతుందట. గింజ మరీ ఎండిపోయినదైతే ముందు రోజే నీళ్లు చిలకరించి డబ్బాలో పెట్టి ఉంచేవాడు. "గింజ కడుపుల జర నీరుండాలె, మనిషికి జర సిగ్గున్నట్టు. రెండిట్ల ఏది ఎండినా పనికిరాదు" అనేవాడు. అప్పుడు నన్నే ఎందుకు చూసేవాడో నాకు తెలియదు.

అసలు విద్య మూత పెట్టిన తర్వాత ఉంది. ఆయన గిన్నెను చూసేవాడు కాదు. గోడ వైపు తిరిగి కళ్లు మూసుకునేవాడు.

"బాయిల మందు వెట్టినంక మేం దూరం పోయి నిలవడ్తం" అని ఏటేటా కొత్తగా చెప్పేవాడు. "ఎన్ని వెట్టినమో అన్ని సప్పుళ్లు ఇనాలె. ఒక్కటి తక్కువైనా లోపలికి పోవుడు లేదు. పేలని మందు పండుకున్న పాము. దాన్ని కంటితోని దేవులాడొద్దు, చెవుతోని దేవులాడాలె. గీ పేలాలు గూడ గంతే. సప్పుడుకు సప్పుడుకు నడుమ ఒక్క ఊపిరి పట్టేంత జాగ దొరికిందా, దింపుడే. అందాక దేవుడొచ్చినా మూత తియ్యద్దు."

తర్వాత నా వైపు తిరిగి గట్టిగా, అంటే ఆయనకు మామూలుగా, "ఇన్నవా ర అబద్ధం కప్పు? మూత తియ్యద్దు!" అనేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. నా నుదుటి మీద పేలం పడిన కథ ఆ ఇంట్లో పండుగ కథల్లో చేరిపోయింది. దాని తర్వాతే దేవుడికి నైవేద్యం.

మేం దూరంగా కూర్చుని ఎన్నిసార్లు విన్నా, ఆయన దించిన క్షణం తప్పయినట్టు నాకు గుర్తు లేదు. గిన్నె వంపితే పసుపుపచ్చని మల్లెల కుప్ప. మాడినది లేదు, మెత్తనిది లేదు. మేం బుక్కుతుంటే ఆయన తినకుండా మా ముఖాలు చూసేవాడు. ఎవరినీ మెచ్చుకునే అలవాటు లేని మనిషి, మెచ్చుకోలు కోసం అంత ఆశగా చూడటం నేను ఆ ఒక్క రోజే చూశాను.

రిటైరయ్యి, సొంత ఊరు చిట్యాలలో ఇల్లు కట్టుకున్నారు. అప్పటికే ఆయన చెవులు పోతున్నాయి. బతుకంతా విన్న పేలుళ్లు ఊరికే పోతాయా? ఫోన్లో మాట్లాడితే సంబంధం లేని జవాబులు వచ్చేవి. "బావా, ఆరోగ్యం ఎట్లున్నది?" అంటే, "పత్తి ఇంకా ఏరలే" అనేవాడు. మానుకోటలో టీచరుగా చేసే మా మేనకోడలు, అంటే ఆయన కూతురు, చెవి మిషను కొని తెచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి టీవీ మీద పెట్టాడు. "టీవీకి పెట్టుండ్రి. దాని మాటనే నాకు ఇనవడ్తలేదు. నా చెవులు మంచిగనే ఉన్నయ్, మీరే గొణుగుతున్నరు" అన్నాడు.

ఆ ఏడు తొలి ఏకాదశికి మేమంతా గడప ఇవతల కూర్చున్నాం. గిన్నె ఎక్కింది, మూత పడింది, వాన మొదలైంది, జోరందుకుంది, సన్నగిల్లింది. ఒక ఊపిరి సందు వచ్చింది. రెండు ఊపిరులు వచ్చాయి. సప్పుడు పూర్తిగా ఆగిపోయింది. బావ మాత్రం గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, తల కొంచెం వంచి, వింటూనే ఉన్నాడు. ఆయన ముఖంలో ఏమీ అనుమానం లేదు. చెవుల్లో ఎప్పుడూ మోగే మోత ఉండేదని తర్వాత నాతో చెప్పాడు. అందులో ఆయనకు పేలాలు ఇంకా పేలుతూనే ఉన్నాయి.

మూత సందులోంచి సన్నగా పొగ వచ్చింది. ఎవరం నోరు మెదపలేదు. మాట్లాడకూడదని ఆయనే పెట్టిన నియమం. పిల్లలు మా ముఖాలు చూశారు. పొగ నల్లబడింది. అక్క లేచి లోపలికి పోయి గ్యాసు బంద్ చేసింది. అప్పుడు కళ్లు తెరిచాడు. పొగను చూశాడు, అక్కను చూశాడు, గడప ఇవతల మమ్మల్ని చూశాడు.

"మక్కలు మంచియి కావు" అన్నాడు.

ఆయన మాట అంత మెల్లగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

అక్క సత్తుగిన్నెను తోమి సజ్జ మీదికెక్కించింది. "ఇగ నువ్వు పొయ్యి కాడికి రాకు. ఇల్లు కాలవెడ్తవ్. వచ్చే ఏడు దుకాణంల పేలాలు కొనుక్కొస్తం" అంది. ఆ మాట ఆయనకు వినబడింది. కొన్ని మాటలకు చెవులు అక్కరలేదు.

ఓ నెల తిరక్కుండానే బావ చంకలో సంచీతో జనగామలో మా ఇంటి ముందు దిగాడు. స్టూడియో మూసి ఇంటికి పోయేసరికి వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సంచీలో పేలాల మక్కలు.

"తలుపు పెట్టు ర" అన్నాడు. పెట్టాను.

"వచ్చే ఏకాశికి గిన్నె నా చేతుల్నే ఉండాలె" అన్నాడు. "ఉద్యోగం పాయె. ఇంట్ల ఏ మాటైనా నాకు ఎరుకయ్యేటాల్లకు అయిపోతున్నది. మనుమడు ఏదో చెప్తడు, అందరు నవ్వుతరు, నేను గూడ నవ్వుత. దేనికో తెల్వది. గా ఒక్క దినమన్న గా ఇంట్ల నా మాట మీద పొయ్యి నడవాలె. అది గూడ పోతే, గోడకు కుర్చీ ఉన్నట్టు నేను గూడ ఉంట, గంతే కదా?"

"మిషను పెట్టుకో బావా. మంచిగ ఇనవడ్తది."

"పెట్టి సూసిన. గిన్నె మోత, ఫ్యాను మోత, మీ అక్క మోత, అన్ని ఒక్కతీరే. పేలం సప్పుడు ఏదో వేరే సప్పుడు ఏదో తెలుస్తలేదు. నువ్వు నాకు చెవులు కావాలె. ఒక్కొక్కటి పేలినప్పుడల్ల నా భుజం మీద కొట్టు. ఊపిరి సందు నేను చూసుకుంట. గీ సంగతి నీ నోట్లకెల్లి బయటికి వచ్చిందా, నీ స్టూడియో నిజం కప్పు గూడ పేలుస్త."

అట్లా నేను ఆయన చెవులనయ్యాను. చాలా తప్పుడు చెవులనని వెంటనే తేలింది. గింజలు జోరుగా పేలేటప్పుడు నా చేయి అందుకోలేకపోయేది. నెమ్మదించినప్పుడు నా కళ్లు మూత మీదికి పోయి, చేయి మరిచిపోయేది. ఒకసారి ఆలస్యంగా కొట్టేవాణ్ని, ఒకసారి తొందరపడి కొట్టేవాణ్ని. ఒకసారి ఆయన భుజం మీద ఈగ వాలితే కొట్టాను, ఆయన గిన్నె దించేశాడు.

"గిది చెయ్యా, చెప్పులా ర?" అని అరిచాడు. మాడిన కుప్పలు, పేలని కుప్పలు వంటింటి గట్టు మీద పేరుకున్నాయి. మా ఆవిడ వచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నా, గిది ఇల్లా, ఇటుక బట్టీయా?"

"ఏమంటున్నది ర?" అన్నాడు బావ.

"చాయ్ తాగుతవా అంటున్నది" అన్నాను.

"జర శక్కర ఎక్కువెయ్యమను."

ఆయన పోతూ వస్తూనే ఉన్నాడు. చిట్యాల నుంచి బస్సులు మారి, ఛాతీ పరీక్షలని అక్కకు చెప్పి, చంకలో సంచీతో. ఓడిపోయినట్టు ఒక్కసారీ కనిపించలేదు. ఓడిపోయింది నేను. "ఇగ నా వల్ల కాదు బావా" అని ఒక మధ్యాహ్నం చేతులెత్తేశాను. ఆయన కోప్పడలేదు. స్టూలు మీద కూర్చుని, అలవాటు కొద్దీ పైకి చూశాడు. గట్టు మీది చపాతీ కర్ర తీసుకుని, స్టూలెక్కి పైకప్పును టక్కున తట్టాడు. మళ్లీ తట్టాడు. కర్రను అట్లాగే పట్టుకుని ఆగిపోయాడు.

"బామ్మర్దీ" అన్నాడు. "బాయిల పైకప్పు తట్టి చూస్తం కదా. గట్టిగుంటె ఒక తీరు మోగుతది, వదులుంటె ఒక తీరు. కని పక్కన మిషన్లు నడుస్తుంటె ఏం ఇనవడ్తది? అప్పుడేం చేస్తమో ఎర్కేనా?"

"ఏం చేస్తరు?"

"ఒక చేతితోని కొడ్తం. ఇంకో చేతి వేళ్లు కప్పుకు ఆనిస్తం. బండ వదులుగ ఉంటె వేళ్లకు వణుకొస్తది. చెవులు అబద్ధం చెప్పినా వేళ్లు చెప్పవు." స్టూలు దిగాడు. "పొయ్యి ముట్టియ్యి."

గింజలు పోసి మూత పెట్టి, చపాతీ కర్రను ఆ మూత మీద నిటారుగా నిలబెట్టి, పైకొసన ఎడమచేతి వేళ్లు ఆనించాడు. కుడిచేత్తో మసిగుడ్డతో గిన్నె చెవి పట్టుకున్నాడు. గిన్నెకు రెండు చెవులున్నాయి, మనిషికి అవి కరువయ్యాయని నాకు అప్పుడే తోచింది, కానీ అనలేదు. మొదటి గింజ పేలగానే ఆయన కనుబొమలు లేచాయి. తర్వాత ముఖం మొత్తం వెలిగింది. "వస్తున్నది ర! వస్తున్నది!" అని బజారు దాకా వినబడేట్టు అరిచాడు.

అది కూడా వెంటనే కుదరలేదు. గిన్నె కుదిపితే ఆ కుదుపే వేళ్లకు తెలిసేది, పేలినది తెలిసేది కాదు. కుదిపి ఆగాలి, విని కుదపాలి. బరువెక్కువ ఆనిస్తే వేళ్లు మొద్దుబారేవి, తక్కువ ఆనిస్తే కర్ర జారేది. ఆయన పట్టు వదలలేదు. వరికోతలు అయిపోయాయి, చలి పోయింది, ఎండలు ముదిరాయి. మా ఆవిడ చపాతీలు మానేసి అన్నమే వండింది, కర్ర ఖాళీ లేక. ఎండలు దిగే వేళకు, బజారులో ట్రాక్టరు పోతున్నా, మా ఆవిడ మిక్సీ తిప్పుతున్నా, బావ సరిగ్గా ఊపిరి సందులో గిన్నె దించడం మొదలుపెట్టాడు.

తొలి ఏకాదశి వచ్చింది. మేం చిట్యాల పోయేసరికి సత్తుగిన్నె సజ్జ దిగి పొయ్యి మీద ఉంది. ఎట్లా దిగిందో తెలియదు గానీ అక్క ముఖం ఉరిమేట్టుంది. గ్యాసు తిప్పే పిడి మీద చేయి వేసి పొయ్యి పక్కనే నిలబడింది.

"ఒక్క పొగ లేసిందా, బంద్ చేస్త" అంది. బావ తలూపాడు. వినబడి ఊపాడో, చేయి చూసి ఊపాడో.

మేం గడప ఇవతల కూర్చున్నాం. ఆయన గోడ వైపు తిరగలేదు ఈసారి. కర్ర నిలబెట్టి, వేళ్లు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. "గా చపాతీ కర్ర ఎందుకు?" అంది అక్క. నేను గొంతు పెంచి, "మూత లేవకుండ అక్కా" అన్నాను. వాన మొదలైంది. జోరందుకుంది. జోరు తగ్గింది. ఒక సప్పుడు, ఇంకొకటి. అక్క వేళ్లు పిడి మీద బిగిశాయి. ఇంకొకటి. తర్వాత ఒక ఊపిరి పట్టేంత ఖాళీ. నేను ఊపిరి పట్టాను. బావ గిన్నె దించాడు.

వంపితే, పసుపుపచ్చని మల్లెల కుప్ప.

పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్క చేయి పిడి మీద నుంచి జారింది. ఒక గుప్పెడు తీసుకుని బుక్కింది. ఇంకో గుప్పెడు తీసుకుంది. బావ తువ్వాలతో ముఖం తుడుచుకుని, ఛాతీ విరుచుకుని గడప మీదికి వచ్చాడు.

"నాయి పాము చెవులు!" అన్నాడు. "చెవుడన్నోళ్లు ఏరి?"

మా మేనకోడలు నవ్వుతూ ఆయన ముందుకు వచ్చి, గట్టిగా, "మరి నాయినా, ఏడాది పొడుగూత జనగామ ఎందుకు తిరిగినవ్? డాక్టర్ల కాడికేనా?" అంది.

బావ నా వైపు చూశాడు. ఆ కళ్లలో ఒక్క క్షణం భయం కనిపించింది. వెంటనే పోయింది.

"దవాఖాన వంకతోని వీనికి నేర్పనీకె పోయిన" అన్నాడు, నా మీద చేయి వేసి. "పేలాలు నేర్పుమని కాళ్లు పట్టుకున్నడు. ఏడాది నేర్పిన. వీనికి రాలే! గిన్నెడు మక్కలు మసి చేసిండు. వీనితోని కాదు. నేను బతికినన్ని దినాలు గీ గిన్నె వీని చేతికి ఇయ్య!"

ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేయను? నోరు విప్పనని మాటిచ్చాను. విప్పితే ఆయనకు మిగిలిన ఆ ఒక్క రోజు పోతుంది. మింగాను. పేలాలతో పాటే మింగాను.

ఆ తర్వాత రెండు ఏకాదశులు ఆయనవే. ఆపైన ఛాతీ పరీక్షలు నిజంగానే అవసరమయ్యాయి. బాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎప్పటి నుంచో కూర్చుని ఉందట. హన్మకొండ దవాఖానలో కొన్నాళ్లుంచి పంపాక, డాక్టర్లకు దగ్గరని అక్కనూ ఆయననూ మా ఇంట్లోనే ఉంచుకున్నాం. మంచం మీద కూర్చుని కిటికీలోంచి బజారు చూసేవాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వంటింటి దాకా రావడం ఆయన వల్ల కాలేదు. ఒకసారి వచ్చాడు గానీ, గిన్నె ఎత్తలేక గట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత అటు రాలేదు.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు. "పేలాలు బుక్కబుద్దయితున్నది. మీ అక్కకు చెప్పు. చపాతీ కర్ర సంగతి దానికి చెప్పిన. నువ్వు మాత్రం గిన్నె ముట్టకు."

అక్క మా ఆవిడతో కలిసి మందుల దుకాణానికి పోయింది. ఇంట్లో నేనొక్కడినే. "అట్లనే బావా" అని గట్టిగా చెప్పి వంటింట్లోకి పోయాను.

నూనె, పసుపు. ముందు పంపాల్సిన గింజలు. అవి పేలాక తక్కినవి. దించి, మళ్లీ ఎక్కించి, వెంట్రుక మందం సందు వదిలి, మూత. కర్ర నిలబెట్టి వేళ్లు ఆనించాను. నాకు చెవులున్నాయి, అయినా వాటిని నమ్మలేదు. కళ్లను అసలే నమ్మలేదు, మూసేశాను. కర్ర కొసన మొదటి దెబ్బ సన్నగా, చీమ కుట్టినట్టు తగిలింది. తర్వాత వేళ్లన్నిటికీ ఒకటే వాన. ఆయన ఏడాదిపాటు ఏం విన్నాడో నాకు అప్పుడు తెలిసింది. వాన సన్నగిల్లింది. వేళ్ల కింద ఒక ఊపిరంత నిశ్శబ్దం తగిలింది. దించాను.

ఉప్పు మెత్తగా దంచి చల్లి, గిన్నెడు తీసుకుపోయి ఆయన ఒళ్లో పెట్టాను. ఒకటి తీసి వెలుగులో తిప్పి చూశాడు. నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి. తర్వాత గుప్పెడు. నేను తలుపు దగ్గర నిలబడి, ఆయన ముఖం చూస్తూ, ఊపిరి పట్టుకుని ఉన్నాను.

"గిది పేలమంటె" అన్నాడు. "మెత్తగ లేదు, మాడలే. ఊపిరి సందుల సరిగ్గ దించింది. నేను గూడ గింత మంచిగ చెయ్యలేదు ర. మీ అక్కకు చెప్పకు గని." మళ్లీ గుప్పెడు బుక్కాడు. "నేర్పితె పట్టుకునే చెయ్యి అది. నువ్వు ఈ జన్మల నేర్వవు."

"నేర్వను బావా" అన్నాను.

"ఆఁ?"

"నేర్వను!" అని అరిచాను.

"గంతే మరి" అని తృప్తిగా తలూపాడు. "రేపు గూడ చెయ్యమను."

అక్కకు గుట్టు చెప్పి, రేపూ చేశాను. ఎల్లుండీ చేశాను. ఆయన మా ఇంట్లో ఉన్నన్ని రోజులు, పేలాలు నావి, మెప్పు అక్కది, తిట్లు నాకు. ఆయన మెచ్చుకున్నప్పుడల్లా అక్క నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఏనాడూ ఎవరినీ మెచ్చుకోని మనిషి చేత, నా చేతి పేలాలను రోజూ గుప్పెళ్లకొద్దీ మెప్పించుకున్నాను. ఆయన పోయేదాకా ఆ సంగతి ఆయన చెవిన వేయలేదు.